చినువా అచెబె

చినువా అచెబె (నవంబర్ 16, 1930 - మార్చి 21, 2013) సుప్రసిద్ధ నైజీరియా రచయిత. 1958లో ఆంగ్లంలో వెలువడిన థింగ్స్ ఫాల్ అపార్ట్ నవల ద్వారా ప్రపంచఖ్యాతి పొందాడు. ఈ నవల యాభైకి పైగా భాషల్లోకి అనువదింపబడింది.

బాల్యం, విద్యాభ్యాసం

అచెబె ఇగ్బో జాతికి చెందినవాడు. ఆగ్నేయ నైజీరియాలోని ఒగిడిలో పెరిగాడు. తండ్రి ఐజాయా క్రైస్తవం స్వీకరించి మతబోధకుడయ్యాడు. ఇంట్లో బైబిలు పఠనం, చుట్టుపక్కల పూర్వాచారాలు, తల్లి, అక్క చెప్పే కథలు - వీటన్నిటి నడుమ అచెబె బాల్యం గడిచింది. 1948లో ఇబాదాన్ యూనివర్సిటీ కళాశాలలో వైద్యవిద్యకై చేరి, తరువాత సాహిత్యం వైపు మళ్ళాడు. జాయిస్ కేరీ అనే ఆంగ్ల రచయిత మిస్టర్ జాన్సన్ నవలలో నైజీరియన్లను చిత్రించిన తీరు అతనికి నచ్చలేదు. తమ కథ తామే చెప్పుకోవాలన్న సంకల్పం అలా కలిగింది.

నవల ప్రచురణ

1954లో లాగోస్‌లో రేడియో ఉద్యోగంలో చేరి, తీరిక వేళల్లో నవల వ్రాశాడు. చేతివ్రాత ప్రతి ఒక్కటే ఉండగా, దానిని టైపు చేయడానికి లండన్‌లోని ఒక సంస్థకు పంపాడు. నెలల తరబడి జవాబు రాలేదు. లండన్ వెళ్ళిన సహోద్యోగిని ఒకరు స్వయంగా ఆ సంస్థకు వెళ్ళి గట్టిగా అడిగిన తరువాతే పని జరిగింది. మొదటి ముద్రణలో 2,000 ప్రతులు వేశారు.

పాత్రలు

కథానాయకుడు ఒకాంక్వో ఉమోఫియా గ్రామంలో పేరుమోసిన మల్లుడు, కష్టించి పెండలం పండించే రైతు. తండ్రి ఉనోకా వేణువు వాయిస్తూ అప్పుల్లోనే మరణించాడు. అతనిలా అసమర్థుడనిపించుకుంటానేమోనన్న భయమే ఒకాంక్వోను జీవితాంతం నడిపింది. మూడేళ్ళు తన ఇంట పెరిగిన ఇకెమెఫునా అనే బాలుణ్ణి గ్రామ నిర్ణయం ప్రకారం వధించే వేళ, పిరికివాడనుకుంటారని తానే కత్తి దూశాడు. ఇకెమెఫునాను అన్నగా భావించిన కొడుకు న్వోయె మనసు విరిగి, తరువాత క్రైస్తవంలో చేరాడు. కూతురు ఎజిన్మా మగపిల్లవాడై పుట్టి ఉంటే బాగుండేదని ఒకాంక్వో ఎన్నోసార్లు అనుకున్నాడు. మిత్రుడు ఒబియెరికా మాత్రం తమ ఆచారాలనూ ప్రశ్నించే ఆలోచనాపరుడు. చివరకు ఒకాంక్వో వలసపాలకుల బంట్రోతును నరికి, ఉరివేసుకున్నాడు. అతని జీవితానికి తన పుస్తకంలో ఒక పేరా చాలునని తెల్లదొర భావించడంతో నవల ముగుస్తుంది.

న్వోయె వలె తండ్రుల మతం విడిచిన వ్యక్తికి అచెబె కుమారుడు. అయినా ఆ పాతలోకపు గౌరవాన్నీ, క్రౌర్యాన్నీ దాచకుండా చిత్రించడం ఈ నవల విశిష్టత.

తరువాతి జీవితం

1967-70 అంతర్యుద్ధంలో అచెబె బియాఫ్రా పక్షాన నిలిచాడు. 1990లో కారు ప్రమాదం వల్ల నడుము క్రింది భాగం చచ్చుబడింది. ఆ తరువాత అమెరికాలో అధ్యాపకుడిగా పనిచేశాడు. 2007లో మ్యాన్ బుకర్ అంతర్జాతీయ బహుమతి పొందాడు. 2013లో బోస్టన్‌లో మరణించగా, అంత్యక్రియలు స్వగ్రామం ఒగిడిలో జరిగాయి.