శ్రీనాథుని దిగ్విజయము

మధ్యయుగమున ఐరోపా దేశములందు కొందరు వీరులు గుఱ్ఱమెక్కి, ఈటె చేతబట్టి, సాహసకార్యములను వెదకుచు దేశదేశములు తిరుగుచుండిరని ఆ కాలపు కథలు చెప్పును. పేరుగాంచిన యోధుడెచ్చట నున్నను అచ్చటికి పోయి పోరునకు పిలుచుట వారి వ్రతము. ఆంధ్రదేశమునను అట్టి సంచారవీరు డొకడుండెను. అతని ఆయుధము మాత్రము కవిత్వము. అతడే కవిసార్వభౌముడైన శ్రీనాథుడు.

కొండవీటి ప్రభువగు పెదకోమటి వేమారెడ్డి (1402–1420) ఆస్థానమున శ్రీనాథుడు విద్యాధికారిగా నుండెను. శృంగారనైషధమును రచించి మామిడి సింగనమంత్రికి అంకితమిచ్చెను. వేమారెడ్డి గతించిన కొన్ని సంవత్సరములకే కొండవీటి రాజ్యము అంతరించెను. ఆశ్రయము కోల్పోయిన కవి దేశసంచారమునకు బయలుదేరెను.

అతని యాత్రలలో మిక్కిలి సాహసమైనది విజయనగరయాత్ర. అప్పుడచ్చట ప్రౌఢదేవరాయలు (1424–1446) రాజ్యము చేయుచుండెను. ఆ సభలో గౌడ డిండిమభట్టను ఉద్దండపండితు డుండెను. తన్ను గెలువగలవారు లేరని చాటుటకు అతడు కంచుఢక్కను మ్రోగించుచుండెడివాడట! తెలుగుకవి ఆ సభామర్యాదకు తగిన వేషము ధరించి, అలవాటులేని తిండి తిని, రాజదర్శనమునకై పడిగాపులు కాచెనని చాటుపద్యములు తెలుపుచున్నవి. ఈ చాటువులన్నియు అతనివే యని పండితులు అంగీకరింపరు. కాని తెలుగువారు వీనిని అతని పేరనే తరతరములుగా చెప్పుకొనుచున్నారు.

ఓడినచో అంతవరకు గడించిన కీర్తియంతయు ఆ సభలోనే మాసిపోవును. అయినను శ్రీనాథుడు వెనుదీయక వాదమునకు నిలిచెను, గెలిచెను. ఓడిన పండితుని కంచుఢక్కను పగులగొట్టించిరి. రాయలు ముత్యాలశాలలో శ్రీనాథునికి కనకాభిషేకము చేయించెను.

పిమ్మట అతడు రాజమహేంద్రవరము చేరి, కాశీఖండమును వీరభద్రారెడ్డికి అంకితమిచ్చెను. ఆ రెడ్డిరాజ్యమును కొంతకాలమునకు అంతరించెను. ముసలితనమున కవికి పోషకులు కరవైరి. బ్రతుకుదెరువునకై కృష్ణాతీరమున బొడ్డుపల్లెను ఏడునూఱు టంకములకు గుత్తకు తీసికొనెనని ప్రతీతి. నది పొంగి పంటను కొట్టుకొనిపోయెను, మిగిలినది పిట్టలపాలయ్యెను. నూజివీటి ప్రాంతమున మామిడితోటలు గుత్తకు పట్టి, ఒక్కరాత్రి గాలివానకు కాయయంతయు నేలరాలగా చూచినవారికి ఆ దుఃఖము చెప్పనక్కరలేదు. గుత్తసొమ్ము చెల్లింపలేని వృద్ధకవి భుజముపై నల్లగుండు మోపి, నడివీధిలో ఎఱ్ఱటి యెండలో నిలిపిరట! బంగారముతో స్నానమాడిన శరీరమే అది.

అంత్యకాలమునను అతని వీరస్వభావము మారలేదు. తాను స్వర్గమునకు వచ్చుచున్నానని తెలిసి అచ్చటి కవుల గుండెలు అదరునని పలికి, శ్రీనాథుడు కన్నుమూసెనని చెప్పుదురు.