మందుల షాపు మెట్లెక్కని మందు

2006 అక్టోబరు 26న ఆస్ట్రాజెనెకా కంపెనీ ఒక ప్రకటన విడుదల చేసింది. పక్షవాతానికి తాము పరీక్షిస్తున్న ఎన్‌ఎక్స్‌వై-059 రెండో పెద్ద ట్రయల్‌లో నెగ్గలేదని, ఇక దాని మీద పని ఆపేస్తున్నామని సారాంశం. ఆ రోజే ఆ మందు పోయినట్టు లెక్క. రసాయన నామం డైసుఫెంటాన్ సోడియం. అమ్మకానికని ముందే పెట్టుకున్న ముద్దుపేరు సెరోవైవ్. ఆ పేరుతో ఒక్క అట్టపెట్టె కూడా ఏ షాపుకీ చేరలేదు. మనిషి పోతే నాలుగు మంచి మాటలు రాస్తాం, మందు పోతే ఎవరూ రాయరు. స్ట్రోక్ వైద్యంలో ఇంతమందికి ఇంత ఆశ పెట్టి, పోయాక ఇంతగా అక్కరకొచ్చిన మందు నాకు తెలిసి మరొకటి లేదు. అందుకే, ఆలస్యమైనా, ఈ నాలుగు మాటలు.

దాని పూర్వీకులది అమెరికాలోని ఓక్లహోమా. ఫినైల్ బ్యూటైల్ నైట్రోన్ అనే పదార్థాన్ని రసాయన శాస్త్రవేత్తలు పరీక్షనాళికల్లో ఫ్రీ రాడికల్స్‌ని పట్టుకోవడానికి వాడేవారు. పుట్టీ పుట్టగానే పక్కనున్న అణువు మీద పడి, దాన్ని పాడుచేసి మాయమయ్యే రకం ఈ ఫ్రీ రాడికల్స్. కాసేపు కట్టేసి ఉంచితే గానీ వాటి ముఖం చూడలేం. ఓక్లహోమా మెడికల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో రాబర్ట్ ఫ్లాయిడ్ బృందం దాన్నే జెర్బిల్ అనే ఎడారి ఎలుకలకు ఇచ్చి చూసింది. మెదడుకు రక్తం ఆపి మళ్లీ వదిలితే జరగాల్సిన నష్టం తగ్గింది. ఆ పదార్థానికే రెండు సల్ఫోనేట్ గుంపులు తగిలించి, నీళ్లలో సులువుగా కరిగేలా చేసినది మన కథానాయకుడు. నీళ్లలో కరిగితే సెలైన్‌లా ఎక్కించవచ్చు. కానీ అలా కరిగేవి రక్తం నుంచి మెదడులోకి దూరడం కష్టం. ఆ చిక్కు పుట్టుకతోనే వచ్చింది. అప్పట్లో చాలామంది చూసీ చూడనట్టు పోయారు.

అసలు ఈ మందు చెయ్యాల్సిన పని ఏమిటి? మెదడులో ఒక రక్తనాళానికి గడ్డ అడ్డం పడితే దాని కింద ఉన్న మెదడంతా ఒక్కసారే చచ్చిపోదు. కాలువకు లాకు దించేశారనుకోండి. నీళ్లు పూర్తిగా తెగిన మడి ఎండిపోతుంది. పక్క పొలాల నుంచి ఊటగా కాస్త తడి అందే మడి వాడి తలవాల్చేస్తుంది గానీ, వేళకు నీళ్లొస్తే మళ్లీ లేస్తుంది. ఆ వాడిన భాగాన్నే డాక్టర్లు పెనంబ్రా అంటారు. అక్కడి కణాలు పని మానేస్తాయి, ప్రాణం మాత్రం ఉంటుంది. కొన్ని గంటల్లో కాల్షియం లోపలికి పొంగి, గ్లూటమేట్ విషమై, ఫ్రీ రాడికల్స్ పొరల్ని చీల్చి, చివరికి అదీ పోతుంది. గడ్డను కరిగించేలోపు ఆ కణాలను ఎలాగోలా బతికించి ఉంచడమే ఈ మందు వంతు.

గడ్డను కరిగించే మందు 1995లోనే వచ్చింది. 624 మంది మీద అమెరికాలో జరిగిన ట్రయల్‌లో ఆల్టెప్లేజ్ మూడు గంటల్లోపు ఇస్తే మేలు చేస్తుందని తేలింది. అయితే ముందు స్కాన్ తీయాలి, మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. ఇచ్చాక కూడా రక్తస్రావం భయం ఉంది. పైగా మూడు గంటల్లో ఆసుపత్రి చేరేవాళ్లెందరు? దాంతో పరిశోధకుల మనసంతా కణాలను కాపాడే మందుల మీదికి మళ్లింది. అంబులెన్సులోనే ఎక్కించేయొచ్చు, స్కాన్ కోసం ఆగక్కర్లేదు అన్నది కల. మెల్‌బోర్న్‌లోని ఓకాలిన్స్, హోవెల్స్ బృందం 2006లో కూర్చుని లెక్క తీస్తే, స్ట్రోక్ కోసం ప్రయోగశాలల్లో పరీక్షించినవి 1,026 తేలాయి. వాటిలో మనుషుల దాకా వచ్చినవి 114. ఎలుకలకు స్ట్రోక్ వస్తే నయం చేయడంలో మనకు తిరుగు లేదని నాడీ వైద్యులు తమలో తాము వేసుకునే జోకు అప్పటికే పాతబడింది.

ఆ ఓటముల వరస చూసే 1999లో విశ్వవిద్యాలయాల వాళ్లు, కంపెనీల వాళ్లు ఒకచోట చేరి, స్టేర్ పేరుతో కొన్ని షరతులు రాసుకున్నారు. ఒకటికి మించి జంతుజాతుల్లో చూడాలి, ఒకటికి మించి ల్యాబుల్లో ఫలితం రావాలి, మెదడులో మచ్చ తగ్గితే చాలదు, జంతువు కదలిక కూడా మెరుగవ్వాలి, ఇలాంటివి. ఈ పరీక్షలన్నీ పాసైన తొలి మందుగా ఎన్‌ఎక్స్‌వై-059కు పేరొచ్చింది. ఎలుకలయ్యాయి, కుందేళ్లయ్యాయి. కేంబ్రిడ్జ్‌లో మార్మోసెట్లనే చిన్న కోతుల మీద చేసిన ప్రయోగం దానికి కిరీటం పెట్టింది. మెదడు రక్తనాళం శాశ్వతంగా మూసేసి, నాలుగు గంటలు ఆగి మరీ మందిచ్చారు. తర్వాత ఆ కోతుల ముందు మెట్లు మెట్లుగా తినుబండారం ముక్కలు పెట్టి, పలకలోని సందుల్లోంచి చెయ్యి దూర్చి తీసుకోనిచ్చారు. పడిపోయిన చెయ్యి ఎన్నో మెట్టు దాకా పోతోందో లెక్కపెట్టారు. మందు ఎక్కినవి ఎక్కువ ముక్కలు అందుకున్నాయి. అది చదివి ఉప్పొంగనిది ఎవరు?

మనుషుల వంతు 2003లో మొదలైంది. సెయింట్ అనే పేరుతో రెండు ట్రయల్స్. స్ట్రోక్ వచ్చిన ఆరు గంటల్లోపు డ్రిప్ మొదలవ్వాలి. మొదటి గంట జోరుగా, మిగతా 71 గంటలు నెమ్మదిగా. సగం మందికి మందు, సగం మందికి డమ్మీ. గ్లాస్గోకు చెందిన కెన్నెడీ లీస్ నడిపిన మొదటి ట్రయల్‌లో 1,722 మంది. మూడు నెలల తర్వాత వాళ్లను కొలిచిన బద్ద పేరు ర్యాంకిన్ స్కేల్. అదీ 1957లో గ్లాస్గోలోనే జాన్ ర్యాంకిన్ అనే డాక్టరు తయారుచేసినది.

ఈ బద్ద గురించి కాస్త చెప్పాలి. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదు. ఆరు అంటే మరణం. ఐదు మంచం. మూడు అంటే ఎవరో ఒకరి ఆసరా కావాలి గానీ నడక తనదే. నాలుగు అంటే పట్టుకునే మనిషి లేనిదే అడుగు పడదు, స్నానానికీ బట్టలకీ ఇంకొకరు కావాలి. మూడుకీ నాలుగుకీ ఉన్న తేడా రోగి ఒంట్లో కంటే ఇంట్లో వాళ్లకి బాగా తెలుస్తుంది. రాత్రి రెండింటికి బాత్రూముకు ఎవరు తీసుకెళ్లాలి, ఉద్యోగం మానుకునేది కొడుకా కోడలా, పల్లెలో ఉన్న ఇల్లు అద్దెకిచ్చి పట్నం రావాలా, ఇవన్నీ ఆ ఒక్క అంకె మీదే ఆధారపడతాయి. ఆ బద్ద మీద మందు తీసుకున్నవాళ్లు కాస్త కిందికి, అంటే మంచివైపుకి జరిగారు. మందులో ఏ గుణమూ లేకపోయినా కాకతాళీయంగా ఇంత తేడా కనబడే అవకాశం వెయ్యింట 38 మాత్రమే అని గణితం చెప్పింది. 2006 ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అచ్చేసింది. అప్పటికి నలభై యాభై మందుల శవాలు చూసిన వైద్యలోకం మొదటిసారి గట్టిగా ఊపిరి తీసుకుంది.

ఒకటి మాత్రం పొసగలేదు. ఇంకో కొలత ఉంది. చెయ్యి చాచి పది సెకన్లు పడిపోకుండా నిలపమంటారు, కాలు ఐదు సెకన్లు ఎత్తి ఉంచమంటారు, ఇది ఏ నెల, నీ వయసెంత అని అడుగుతారు, మూతి వంకర చూస్తారు. నాడీ లోపాన్ని నేరుగా కొలిచే ఈ లెక్కలో మందుకీ డమ్మీకీ తేడా రాలేదు. చెయ్యీ కాలూ మెరుగవకుండా మనిషి మెరుగవడం ఎలా? అడిగినవాళ్లు అడిగారు. సమాధానం రెండో ట్రయల్ చెబుతుందన్నారు. దాని పరిమాణం 1,700 నుంచి పెంచి, చివరికి 3,306 మందిని చేర్చారు. కెనడాలో అష్ఫాక్ షుఐబ్ నాయకత్వం. ఈసారి ర్యాంకిన్ బద్ద మీద ఏ కదలికా లేదు. ఆల్టెప్లేజ్‌తో కలిపి ఇస్తే రక్తస్రావం తగ్గుతుందని మొదటి ట్రయల్‌లో కనబడ్డ అదనపు ఆశ కూడా నిలవలేదు. మందు హక్కులున్న రెనోవిస్ అనే చిన్న కంపెనీ షేరు కుప్పకూలింది. అదృష్టం కొద్దీ ఎవరికీ కొత్త హాని జరగలేదు.

ఇక్కడితో అయిపోతే ఇది మామూలు చావే. నివాళి అక్కర్లేదు. మందు పోయాక జరిగిన శవపరీక్ష దాని బతుకు కంటే గొప్పది. ఎడింబరోలో మాల్కమ్ మెక్లౌడ్ బృందం ఈ మందు మీద జంతువుల్లో వచ్చిన ప్రయోగాలన్నీ పోగేసి 2008లో తిరగేసింది. ఏ ఎలుకకు మందు, ఏ ఎలుకకు డమ్మీ అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించామని రాసిన ప్రయోగాల్లో లాభం కొద్దిగానే ఉంది. ఆ మాట రాయని ప్రయోగాల్లో అది రెట్టింపుకు మించి ఉంది. బీపీ ఉన్న జంతువుల మీద చేసినవి మరీ తక్కువ. స్ట్రోక్ వచ్చే మనిషికి సాధారణంగా బీపీయో షుగరో వయసో ఏదో ఒకటి ఉంటుంది. ఎలుక మాత్రం పడుచుది, ఆరోగ్యంగా ఉన్నది.

దీన్ని మోసం అనడం తేలిక, కానీ అది కాదు. ఎలుక మెదడును పలుచగా కోసి టీటీసీ అనే రంగులో ముంచుతారు. బతికున్న భాగం ఎర్రబడుతుంది, చచ్చినది తెల్లగా మిగులుతుంది. ఆ తెలుపు అంచు ఎక్కడ అన్నది గీసేది మనిషి. ఎరుపూ తెలుపూ కలిసిపోయి గులాబీ రంగైన చోట గీత ఇవతల వేయాలా అవతల వేయాలా? ఈ ముక్క మందు తిన్న ఎలుకదని తెలిస్తే చెయ్యి కాస్త అటే పోతుంది, చేసే మనిషికి తెలియకుండానే. ఏ ఎలుక ముందు చనిపోయిందని లెక్కలోంచి తీసేస్తారు, ఏది ఉంచుతారు అన్నదీ అంతే. ఇలాంటి చిన్న చిన్న మొగ్గులు కలిసి ఒక మందును 5,028 మంది ట్రయల్స్ దాకా తీసుకెళ్లాయి.

ఆ దెబ్బతో 2009లో స్టేర్ షరతులు మళ్లీ రాశారు. చీటీల పద్ధతి, చూసేవాడికి ఏది మందో తెలియకపోవడం, ముందే సంఖ్య లెక్కగట్టుకోవడం, తీసేసిన జంతువుల లెక్క చెప్పడం, అన్నీ చేరాయి. ఆ దారిలోనే తర్వాత అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థల డబ్బుతో స్పాన్ అనే ఉమ్మడి ప్రయోగం వచ్చింది. ఆరు ల్యాబులు, ఆరు చికిత్సలు, 2,600కు పైగా ఎలుకలూ చుంచెలుకలూ. వాటిలో ముసలివి, లావైనవి, బీపీ ఉన్నవి కూడా. ఎలుక నడకను వీడియో తీసి, అది ఎక్కడిదో ఏమిచ్చారో తెలియనివాళ్ల చేత మార్కులు వేయించారు. 2023లో ఫలితం వస్తే ఆరింటిలో నిలిచింది ఒక్కటి: యూరిక్ యాసిడ్. కాలి బొటనవేలు వాచినప్పుడు మనం తిట్టుకునేది అదే. దాని వృత్తీ ఫ్రీ రాడికల్స్‌ని పట్టడమే, అంటే మన ఎన్‌ఎక్స్‌వై చేద్దామనుకున్న పనే.

ఈ లోగా గడ్డను తీసే దారి బాగుపడింది. నెదర్లాండ్స్‌లో 500 మందితో జరిగిన మిస్టర్ క్లీన్ ట్రయల్, దాని వెనక వచ్చిన మరికొన్ని కలిసి, గజ్జల్లోంచి తీగ పంపి గడ్డను లాగేస్తే మేలని 2015 నాటికి తేల్చేశాయి. కణాలను కాపాడే మందులు ఓడింది చాలావరకు రక్తనాళం తెరుచుకోని మెదడులో కదా, ఇప్పుడు మళ్లీ ప్రయత్నిస్తే ఏమవుతుంది అన్న ఆశ కూడా దాంతోనే చిగురించింది. చిగురించిన ఆశలన్నీ నిలవలేదు. అది వేరే కథ.

నివాళిలో సగం ఆ 5,028 మందికి చెందాలి. చాలామంది మాట పడిపోయినవాళ్లు. సంతకం ఒక్కోసారి పక్కనున్న భార్యో కూతురో చేసి ఉంటుంది, ఆరు గంటల గడువు కరిగిపోతుండగా. వాళ్లలో సగం మందికి ఎక్కింది డమ్మీ ద్రవం. మిగతా సగానికి ఎక్కింది కూడా అంతకంటే ఎక్కువేమీ కాదని తర్వాత తేలింది.

మన దగ్గర పక్షవాతం వచ్చిన ఇంట్లో మూడో రోజున బంధువులు అడిగే మొదటి ప్రశ్న "మెదడుకి బలమిచ్చే ఇంజెక్షనేదో ఉందట కదండీ" అని. ఉంది. సిటికోలిన్ అని. 2012లో లాన్సెట్‌లో వచ్చిన ఇక్టస్ ట్రయల్‌లో 2,298 మందిలో పోల్చి చూస్తే డమ్మీకీ దానికీ తేడా లేదు. అయినా అది ఇవాళ్టికీ మన ప్రిస్క్రిప్షన్లలో ఉంది, డిశ్చార్జి తర్వాత మాత్రల రూపంలో నెలల తరబడి కొనిపిస్తూనే ఉన్నారు. ఫిజియోథెరపీకి డబ్బు చాలక మానేసిన ఇళ్లల్లో కూడా ఆ మాత్రలు మానరు. ఎన్‌ఎక్స్‌వై-059ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఓడిపోయానని తెలిసిన రోజే తప్పుకున్న మందు అది.