కానూరి లక్ష్మణరావు

కానూరి లక్ష్మణరావు (జూలై 15, 1902 - మే 18, 1986) ప్రముఖ ఇంజనీరు, కేంద్ర మంత్రి. కె.ఎల్.రావుగా సుప్రసిద్ధుడు. నాగార్జునసాగర్ ఆనకట్ట రూపకల్పనలో ఇతనిది ముఖ్యపాత్ర.

బాల్యము, విద్య

కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయాడు. బడిలో ఆటలాడుచుండగా తగిలిన దెబ్బకు ఒక కంటి చూపు పోయింది. మద్రాసు విశ్వవిద్యాలయము నుండి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన మొదటివాడు ఇతడే. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయము నుండి డాక్టరేటు పొందాడు. కొంతకాలము రంగూనులో అధ్యాపకునిగా పనిచేశాడు. 1950లో కేంద్ర జల, విద్యుత్ సంఘములో డిజైన్ల డైరెక్టరుగా చేరి, 1954లో చీఫ్ ఇంజనీరు అయ్యాడు.

నాగార్జునసాగర్: యంత్రమా, మనిషా?

1955 డిసెంబరు 10న నెహ్రూ ఈ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. అదే కాలములో పంజాబు ప్రాంతమున భాక్రా ఆనకట్టను కాంక్రీటుతో, భారీ క్రేన్లు, కన్వేయరు బెల్టుల సాయంతో నిర్మిస్తున్నారు. అటువంటి యంత్రాలకు విదేశీ మారకద్రవ్యము కావాలి. సిమెంటు కొరత కూడా ఉండేది. రాయి, కూలీలు మాత్రము ఇక్కడే దొరుకుతారు. అందుచేత సాగరును రాతికట్టడముగా నిర్మించడాన్ని సమర్థించినవారిలో రావు ఒకడు.

ఈ నిర్ణయము వేలాది కుటుంబాలకు పని కల్పించింది. పాలమూరు నుండి సైతము కూలీలు తరలివచ్చారు. అయితే దాని భారమంతా వారి భుజాలపైనే పడింది. పెద్ద రాళ్ళను తాళ్ళతో బొంగులకు కట్టి, చిన్న రాళ్ళను, సిమెంటు గారను తట్టలలో నెత్తిన పెట్టుకొని, వెదురు పరంజాల మీదుగా పైకి మోశారు. నేడు గోదాములలో విద్యుత్ ఫోర్క్‌లిఫ్టు ఒక్క మీట నొక్కితే ఎత్తే బరువును ఆనాడు నలుగురైదుగురు కలిసి మోయవలసివచ్చేది. రాష్ట్రములో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన రెంటచింతల ఈ ప్రాంతములోనిదే. పల్నాటి ఎండ ఎరిగినవారికి ఆ కష్టము వేరుగా చెప్పనక్కరలేదు. పనిలో ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారు. ఇంజనీర్ల పేర్లు గ్రంథాలలో నిలిచినట్లు వారి పేర్లు నిలువలేదు.

సుమారు 124 మీటర్ల ఎత్తుతో ఇది ప్రపంచములోని అతిపెద్ద రాతి ఆనకట్టలలో ఒకటిగా పేరొందింది. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేసింది. మెట్టపైర్లే ఆధారమైన పల్నాడుకు కుడికాలువ ద్వారా కృష్ణా జలాలు అందాయి.

రాజకీయ జీవితము

విజయవాడ నుండి 1962, 1967, 1971లలో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1963లో పద్మభూషణ్ పురస్కారము పొందాడు. ఆ ఏడాదే కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి అయ్యాడు. గంగా-కావేరి అనుసంధానాన్ని ప్రతిపాదించాడు. కృష్ణానదిపై నిర్మించిన పులిచింతల ప్రాజెక్టుకు ఇతని పేరే పెట్టారు.