సర్ హ్యూ కెయిర్న్స్

యుద్ధరంగమున శత్రువు నెదిరించి మడిసిన వారి పేళ్లు శిలాఫలకముల కెక్కును. మోటారు సైకిలుపై పోవుచు దారిలో బడి తల పగిలి చనిపోయిన సైనికుని లెక్క యొకటి కలదని పూర్వమెవ్వరును అంతగా తలపోయలేదు. ఆ లెక్కను గట్టి, దానిని సేనాధిపతుల యెదుట నుంచి, వేలాది ప్రాణములకు రక్షణమార్గమును జూపిన శస్త్రవైద్యుడు సర్ హ్యూ కెయిర్న్స్.

ఆయన 1896లో దక్షిణ ఆస్ట్రేలియాయందలి పోర్టు పీరీ పట్టణమున జన్మించెను. అడిలెయిడు విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించుచుండగనే మొదటి ప్రపంచయుద్ధము రాగా, సామాన్య సైనికుడుగా వైద్యదళమున జేరి లెమ్నాసు ద్వీపమున పనిచేసెను. 1917లో పట్టము నంది, రోడ్సు విద్యార్థివేతనముతో ఆక్సుఫర్డునకు బోయెను. 1926లో అమెరికా కేగి, మెదడు శస్త్రచికిత్సకు ఆచార్యుడని పేర్గాంచిన హార్వీ కుషింగునొద్ద శిష్యరికము జేసి, ఆ విద్యను లండనునకు గొనివచ్చెను.

1935 మే 13వ తేదీన, అరబ్బుల తిరుగుబాటులో ప్రఖ్యాతి గాంచిన టి. ఇ. లారెన్సు, డార్సెటు సీమలో మోటారు సైకిలుపై వచ్చుచు, ఎదుట సైకిళ్లపై పోవు బాలురిద్దరిని తప్పింపబోయి పడిపోయెను. శరీరమునకు తగిలిన దెబ్బలలో తలగాయమే ఘోరమైనది. ఆయనకు చికిత్స జేయ బిలువబడిన వైద్యులలో కెయిర్న్స్ ఒకడు. ఆరు దినములు తెలివి లేక యుండి లారెన్సు 19వ తేదీన కన్నుమూసెను. మెదడు చెడినపిదప శస్త్రవైద్యుని చేతనైనది స్వల్పము. కావున చెడకముందే దానిని కాపాడవలెను. కెయిర్న్సు తరువాతి పరిశోధనలో కొంత ఈ మార్గముననే సాగెను.

రెండవ ప్రపంచయుద్ధము రాగా బ్రిటనులో రాత్రులందు వీధిదీపము లార్పివేయబడెను. ఆ చీకటిలో సేనావార్తాహరులు మోటారు సైకిళ్లపై పరుగులెత్తవలసివచ్చెను. యుద్ధారంభమునుండి 21 నెలలలో 2279 మంది మోటారు సైకిలు ప్రయాణికులు రోడ్లపై మరణించిరని కెయిర్న్స్ 1941లో ప్రకటించెను. యుద్ధమునకు ముందటి 21 నెలల కంటె ఇది నూటికి 21 వంతులు హెచ్చు. మరణములకు తలగాయమే ముఖ్యకారణము. తాను పరీక్షించిన వారిలో శిరస్త్రాణము ధరించినవారు ఏడుగురే. ఆ యేడుగురును బ్రతికిరి. ఏడు చిన్న సంఖ్యయే. అయినను దానిని త్రోసిపుచ్చక, ఆ సంవత్సరము నవంబరులోనే సైన్యము తన వార్తాహరులకు శిరస్త్రాణమును నిర్బంధము గావించెను. పిదప నెలనెలకు మరణములు తగ్గుచు వచ్చినవి. పెట్రోలు నియంత్రణమును ఇందుకు కొంత కారణమే. కాని శిరస్త్రాణధారుల గాయములు తేలికయగుట ఆయన తరువాతి వ్యాసములలో స్పష్టముగా గానవచ్చును.

ఆక్సుఫర్డులోని సెయింటు హ్యూసు కళాశాలను 1940లో తలగాయముల సైనికవైద్యశాలగా మార్చి, యుద్ధకాలమున పదమూడువేలమందికి పైగా అచ్చట చికిత్స జరిగించిరి. రోగిని శస్త్రవైద్యునొద్దకు మోసికొనివచ్చుటకు మారుగా, శస్త్రవైద్యునే రణరంగపు చేరువకు బంపు సంచారదళములను కెయిర్న్స్ ఏర్పరచెను. 1943లో ఫ్లోరీతో గూడి ఉత్తర ఆఫ్రికాలో గాయములపై పెనిసిలినును పరీక్షించెను. ఆయన ప్రోత్సాహమున హోల్‌బోర్ను అను భౌతికశాస్త్రజ్ఞుడు, తల గిరుక్కున తిరిగినపుడు మెదడులోని పొరలు ఒరసికొని తెగునని జిలాటిను నమూనాలతో నిరూపించెను.

కెయిర్న్స్ 1952లో మరణించెను. ఆయన సూచించినది పౌరులకు చట్టమగుట కింకను 21 సంవత్సరములు పట్టెను. బ్రిటనులో మోటారు సైకిలు నడుపు వారందరకును శిరస్త్రాణము నిర్బంధమైనది 1973లో.

మన హగరి తీరమును జూడుడు. 1953లో పూర్వపు బళ్లారి జిల్లా చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గములు ఆంధ్రమునకును, బళ్లారి మైసూరునకును పోయెను. నాటినుండి ఇచ్చట ప్రభుత్వములు రెండు, పోలీసులు ఇరుతెగలవారు. అయినను 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను ఇరుగట్లకును ఒక్కటియే. శిరస్త్రాణము ధరింపవలెనని అది విధించుచున్నది. పోలీసువాడు కానవచ్చినపుడు తలకెక్కి, వాడు మరుగుపడగనే మోచేతికి దిగు శిరస్త్రాణము చట్టమును మోసగింపవచ్చును గాని రోడ్డును మోసగింపజాలదు. ఇంటికి ఆధారమైన కుమారుని తల పగిలిన పిదప ఎంత ధనము పోసినను మెదడు పూర్వస్థితికి వచ్చుట దుర్లభము. కెయిర్న్సు ఋణమును దీర్చుటకు విగ్రహములు వలదు. బండి నెక్కునపుడు గడ్డముక్రింది పటకాను బిగించుకొనిన చాలును.