కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, తెలుగువారి చేతికి తెలుగు పుస్తకము నందించుటకై జీవితమును ధారపోసిన ఒక మహనీయుని స్మరించుట మనకు విధి. ఆయనయే కొమర్రాజు వెంకటలక్ష్మణరావు పంతులుగారు.

పంతులుగారు 1877 మే 18వ తేదీన కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించుటచే, అక్కగారైన భండారు అచ్చమాంబగారి యింట పెరిగి, నాగపురమున విద్యాభ్యాసము చేసిరి. అచట మహారాష్ట్ర భాషయందును గొప్ప పాండిత్యము సంపాదించిరి. ఆ దినములలో ఆడపిల్లలను బడికి పంపు ఆచారము మిక్కిలి యరుదు. అచ్చమాంబగారు బడి ముఖ మెరుగరు. తమ్ముడు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి ఆమెయు అక్షరములు నేర్చిరి. ఆ విధముగా చదువుకొన్న సోదరియే పిమ్మట స్త్రీల చరిత్రలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అను గ్రంథమును రచించి, 1905లో చిన్న వయసుననే పరమపదించిరి. ఒక పిల్లవాని పుస్తకములు ఒక యింట ఇద్దరిని విద్వాంసులను చేసినవి.

విద్య ముగిసిన పిమ్మట పంతులుగారు మునగాల రాజా నాయని వేంకట రంగారావు బహద్దరువారి సంస్థానమున దివానుగా నుండిరి. నాటి నిజాం రాజ్యమున కచేరీలలోను, పై చదువులలోను ఉర్దూదే పైచేయి. తెలుగు మాటాడు ప్రజలు లక్షలాదిగా నున్నను, ఆ భాషకు రాజధానిలో ఆదరము కొరవడెను. అట్టి సమయమున పంతులుగారును, రాజావారును, రావిచెట్టు రంగారావుగారును మఱికొందఱు మిత్రులును కలిసి 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. రంగారావుగారి యింటనే అది ప్రారంభమయ్యెను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. తెలుగు పత్రిక చదువుకొనుటకు, నలుగురు కూర్చుండి తమ భాషలో మాటాడుకొనుటకు ఇట్టి నిలయములే తావులైనవి.

అయితే గ్రంథాలయమున బీరువాలు నిలిపినంత మాత్రమున చాలదు. అందు నింపుటకు పుస్తకములు వలయును. నాడు తెలుగున కావ్యములకు, పురాణములకు కొదువ లేదు. కాని దేశచరిత్ర, ప్రకృతిశాస్త్రము, ఆరోగ్యము, అర్థశాస్త్రము మున్నగు విషయములు తెలిసికొనగోరిన వానికి ఇంగ్లీషు రానిచో గత్యంతరము లేదు. ఈ లోపమును తీర్పనెంచి పంతులుగారు 1906లో మిత్రులతో కలిసి విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాం లింకను చరిత్ర మండలి ప్రథమ ప్రచురణము. 1908లో మండలి మద్రాసునకు తరలెను. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రమును, కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రమును ఈ మండలియే వెలువరించెను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడి గ్రామగ్రామమున పఠనమందిరములు లేచునాటికి, వాని యరలలో నుంచదగిన పుస్తకములు ఇట్లు సిద్ధమగుచుండెను.

పంతులుగారి కోరిక అంతటితో తీరలేదు. లోకమునగల విద్యలన్నింటిని అకారాది క్రమమున తెలుగువారి ముంగిట నుంచవలెనని ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’నకు పూనుకొనిరి. శాస్త్రవిషయములను తెలుపుటకు తగిన మాటలు సయితము పెక్కింటిని క్రొత్తగా కూర్చుకొనవలసివచ్చెను. పండితులచే వ్యాసములు వ్రాయించుట, తాము వ్రాయుట, అన్నింటిని పరిష్కరించి అచ్చొత్తించుట — ఈ భారమంతయు ప్రధానముగా ఆయన భుజములపైననే పడెను. మూడు సంపుటములు వెలువడెను. అక్షరమాలలో తొలి అచ్చులు దాటకమునుపే, 1923 జూలైలో, నలువదియారేండ్ల ప్రాయమున, పంతులుగారు మద్రాసున అస్తమించిరి. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ గ్రంథమును సంస్కరించి మరల ప్రకటించిరి గాని, మొదట తలపెట్టిన రీతిని అది సంపూర్ణము కాలేదు.

పని పూర్తి కాకమునుపే కర్త పోవుట దుఃఖకరమే. కాని ఇట్టి పని ఒక్కరి యాయుర్దాయములో ముగియునది కాదు. పంతులుగారు నాటిన విత్తు పుస్తకముగా మొలచినది. దానికి నీరు పోయువాడు పాఠకుడు. ఎవరును తెఱవని పుస్తకము బీరువాలో ఎంత భద్రముగా నున్నను చెదపురుగులకే ఆహారము.

కావున పాఠకమహాశయులారా! సాయంకాలము పొలమునుండి వచ్చి కాళ్లు కడుగుకొన్న పిదప ఒక గడియసేపు ఈ మందిరమున కూర్చుండుడు. వచ్చునపుడు మీ కుమారుని తీసికొని రండు, కుమార్తెను మఱవకుడు. తమ్ముని ప్రక్కన కూర్చుండి చదువు నేర్చిన అచ్చమాంబగారి వంటి బాలిక మన యూరను ఉండవచ్చును. ఆమె చేతికి ఒక పుస్తకము నందించుటకంటె ఈ రజతోత్సవమునకు వేరు సార్థకత లేదు.