ఆమ్లబలం తెలిపిన అర్హీనియస్

ఆమ్లం నీలి లిట్మస్‌ను ఎరుపుగానూ, క్షారం ఎర్ర లిట్మస్‌ను నీలంగానూ మారుస్తాయి. ఈ గుర్తు పూర్వులకూ తెలుసు. అయితే సమాన గాఢత గల రెండు ఆమ్లాలలో ఒకటి ప్రబలంగా, మరొకటి దుర్బలంగా ఎందుకుంటాయో వివరించిన శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్.

ఆయన 1859 ఫిబ్రవరి 19న స్వీడన్‌లోని ఉప్సల సమీపాన జన్మించాడు. ద్రావణాల విద్యుద్వాహకతపై పరిశోధించి, 1884లో ఉప్సల విశ్వవిద్యాలయానికి సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. పరీక్షకులు దానికి తక్కువ శ్రేణి ఇచ్చారు. అధ్యాపక పదవిపై ఆశ సన్నగిల్లింది. అయినా ఆయన అధైర్యపడక, వ్యాసాన్ని విదేశీ శాస్త్రజ్ఞులకు పంపాడు. రీగా నగరంలో ఆమ్లాల చర్యావేగాలను కొలుస్తున్న ఆస్ట్‌వాల్డ్, తన ఫలితాలు ఈ యువకుని ఫలితాలతో సరిపోవడం గమనించి, స్వయంగా ఉప్సలకు వచ్చి ఆయనను కలుసుకున్నాడు.

1887లో అర్హీనియస్ తన సిద్ధాంతాన్ని సమగ్రంగా ప్రకటించాడు. దాని ప్రకారం నీటిలో ఆమ్లం హైడ్రోజన్ అయాన్లనూ, క్షారం హైడ్రాక్సైడ్ అయాన్లనూ ఇస్తుంది. లీటరు ద్రావణంలో 0.1 మోల్ ఉన్నప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోతుంది, అది ప్రబలం. అంతే గాఢత గల ఎసిటిక్ ఆమ్లంలో నూటికి సుమారు ఒక అణువే విడిపోతుంది, అది దుర్బలం. అంటే ఆమ్లబలాన్ని నిర్ణయించేది గాఢత కాదు, అయాన్లుగా విడిపోయే స్వభావం.

నాడు నిరాదరణకు గురైన ఆ భావనే 1903లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిని సాధించిపెట్టింది. 1927 అక్టోబర్ 2న స్టాక్‌హోమ్‌లో ఆయన మరణించాడు. పరీక్షకుల తీర్పు కన్నా ప్రయోగ ఫలితాన్నే నమ్ముకున్న ఆయన జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.