డ్రాయింగ్ బ్రాంచి నుంచి నిజాం దర్బారుకు – రాజా దీన్‌దయాళ్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు రెండుసార్లు కబురు పెట్టారు. డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ నాకంటే బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను మన శాఖవాడే అయిన ఒక పెద్దమనిషి జీవితం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆయన మనకంటే దాదాపు వందేళ్ళ ముందటివారు. ఎస్టిమేట్లు వేశారు, ప్లాన్లు గీశారు. ఆ తరువాత చేతిలోని స్కేలు పక్కనబెట్టి కెమెరా పట్టుకున్నారు. ఆయనే రాజా దీన్‌దయాళ్.

ఆయన పేరు నేను మొదట విన్నది 2006లో. ఆ ఏడాది నవంబరులో తపాలా శాఖవారు ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేశారు. స్టాంపులు పోగుచేసే మా పెద్ద మనవడు అది తెచ్చి, తాతయ్యా ఈయన కూడా నీలాగే డ్రాఫ్ట్స్‌మన్ అట అని చూపించాడు. సబ్ ట్రెజరీలో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి అప్పుడే ఇంటికి వచ్చిన నాకు ఆ మాట మనసులో నిలిచిపోయింది. అప్పటినుంచి ఆయన గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను.

దీన్‌దయాళ్ గారు 1844లో మీరట్ దగ్గర సర్ధనా అనే ఊళ్ళో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టారు. కులవృత్తి వదలి రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివారు. గంగా కాలువ పనులకు చదువుకున్న మనుషులు కావాలని వెలిసిన కళాశాల అది. నాగార్జునసాగర్ కుడికాలువ పనులలో జీవితం గడిపిన మనబోటివాళ్ళకు ఆ చదువు ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. 1866లో చదువు ముగించుకొని ఇందూరు వెళ్ళి, అక్కడి పబ్లిక్ వర్క్స్ సెక్రటేరియట్‌లో హెడ్ ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు. చిత్రమేమంటే నేను సాగర్ ప్రాజెక్టులో ట్రేసరుగా చేరిన నాటికి నా వయసూ అంతే. పోలిక మాత్రం అక్కడితో సరి!

ఎనిమిదేళ్ళు ప్లాన్లు గీశాక, 1874 ప్రాంతంలో ఆయన ఫొటోగ్రఫీ మొదలుపెట్టారు. అది ఉద్యోగంలో భాగం కాదు, తీరిక వేళల సరదా. ఆ రోజుల్లో ఫొటో అంటే ఇప్పటిలా జేబులోంచి ఫోను తీసి నొక్కడం కాదు. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు మందు పూయాలి, దాన్ని వెండి ద్రావకంలో ముంచాలి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి, వెంటనే చీకటి గుడారంలోకి తీసుకెళ్ళి కడగాలి. ఇదంతా కొద్ది నిమిషాలలో జరగాలి. ఎండకు మందు ఆరిపోతే పలక వృథా. గాలికి దుమ్ము పడినా అంతే. తెల్లవార్లూ బండి మీద మోసుకొచ్చిన సామాను ఒక్క పొరపాటుతో వ్యర్థమయ్యేది. తరువాత కొన్నేళ్ళకు ముందే మందు పూసిన డ్రై ప్లేట్లు వచ్చి పని కొంత తేలికపడింది. కాని గాజు గాజే, బరువు బరువే.

ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావ్ హోల్కరు, అక్కడి ఆంగ్లేయ ఏజెంటు సర్ హెన్రీ డేలీ ఆయన పనిని మెచ్చి ప్రోత్సహించారు. డేలీ తరువాత ఏజెంటుగా వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882–83లో బుందేల్‌ఖండ్ పర్యటనకు బయలుదేరుతూ దీన్‌దయాళ్‌ను వెంటబెట్టుకు వెళ్ళారు. గ్వాలియరు కోట, సాంచి స్తూపం, ఓర్ఛా, దతియా రాజమందిరాలు, ఖజురాహో గుళ్ళు – అన్నీ ఆయన గాజు పలకల మీదికి ఎక్కాయి. ఆ ఫొటోలతో 1886లో గ్రిఫిన్ మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. దీన్‌దయాళ్ పేరు దేశమంతా తెలిసింది.

ఆ ఫొటోలను నేను పుస్తకాలలో చూశాను. చూసిన వెంటనే ఇది డ్రాయింగ్ బల్ల దగ్గర పనిచేసినవాడి చేయి అనిపించింది. స్తంభాలు నిట్టనిలువుగా ఉంటాయి, ఏ గోడా ఒరగదు. మనం ఎలివేషన్ గీసినట్టే కట్టడం మొత్తం కళ్ళకు కడుతుంది. ఏ వైపు నుంచి చూస్తే మెట్లూ గోపురమూ రెండూ తెలుస్తాయో, అక్కడే కెమెరా పెట్టేవారు. శిల్పం ఉన్న గోడకు ఏటవాలు ఎండ పడాలి. నడినెత్తిన సూర్యుడుంటే రాతి మీది బొమ్మలు చదునుగా కనిపిస్తాయి. ఇది నేను కూడా మన పల్నాటి నాపరాళ్ళ మీది చెక్కడాలు తీయబోయి, చాలా ఫిల్ము తగలేసుకున్నాక గాని తెలుసుకోలేదు.

ఇక ఆయన జీవితంలోని ముఖ్య ఘట్టానికి వస్తాను. 1885లో వైస్రాయి డఫరిన్ ప్రభువుకు ఫొటోగ్రాఫరుగా నియమితులయ్యారు. బొమ్మల పని పెరిగింది, ఆఫీసు పని ఎలాగూ ఉంది. రెండేళ్ళు సెలవు పెట్టి చూశారు. చివరకు 1887లో సర్కారు ఉద్యోగానికి స్వస్తి చెప్పారు. అప్పటికి ఆయనకు నలభై మూడేళ్ళు, సర్వీసు ఇరవై ఒక్క సంవత్సరాలు. భార్యాపిల్లలున్న మనిషి, నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువు. దాన్ని వదలి, మేఘం అడ్డొస్తే ఆగిపోయే పనిని నమ్ముకున్నారు. మనలో ఎందరికి ఆ ధైర్యం ఉంది? నన్నడిగితే నాకు లేదు. యాభై ఎనిమిది నిండి, ఆఫీసువారు శాలువా కప్పి పంపేదాకా నేను కుర్చీ వదల్లేదు. అందులో తప్పేమీ లేదు, పిల్లల చదువులున్నాయి, ఆడపిల్లల పెళ్ళిళ్ళున్నాయి. అయినా ఆయన చేసిన సాహసం ఎంతటిదో ఉద్యోగం చేసినవాడికే బాగా తెలుస్తుంది.

తరువాత కథ మన తెలుగు నేల మీద నడిచింది. సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫరుగా నియమించి, ముసవ్విర్ జంగ్ అనే బిరుదుతో పాటు రాజా అనే గౌరవమూ ఇచ్చారు. చార్‌మినారు, గోల్కొండ, ఫలక్‌నుమా, నవాబుల విందులు, వేటలు, సైనిక విన్యాసాలు ఆయన కెమెరాకు ఎక్కాయి. కరవు రోజుల్లో నిజాం సర్కారు చేపట్టిన సహాయ పనులను కూడా తీశారు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు దొరసానికి అప్పగించారు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి వచ్చింది. 1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి తన ఫొటోగ్రాఫరుగా గుర్తిస్తూ సన్నదు ఇచ్చింది. ఇద్దరు కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ వ్యాపారంలో తోడయ్యారు.

కాని చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1904లో ధరమ్‌చంద్ తండ్రి కళ్ళముందే చనిపోయాడు. మరుసటి ఏడు, 1905 జులై 5న, దీన్‌దయాళ్ గారూ కన్నుమూశారు. అంత పెద్ద వ్యాపారమూ ఆయన వెనుక క్రమంగా తగ్గిపోయింది. నిలిచినవి గాజు పలకలే. వారసులు వాటిని పెట్టెలలో భద్రపరుస్తూ వచ్చారు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వాటిలో 2,857 పలకలను సేకరించి దాచింది. ఎనభై నాలుగేళ్ళు గాజు పగలకుండా కాపాడడం మాటలు కాదు. ఇంట్లో ఎవరో ఒకరు అడ్డం ఉన్నాయని విసుక్కొని పారేసి ఉంటే, ఇవాళ ఆయన పేరే మిగిలేది.

ఇదంతా మన పల్నాడుకు ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. అమరావతి స్తూపం నుంచి 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వి తీయించిన శిల్పాలు మద్రాసు చేరి, ఏళ్ళతరబడి ఎండకూ వానకూ బయటే పడి ఉన్నాయి. 1858లో లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి వాటిని డెబ్బై అయిదు ఫొటోలలో పట్టాడు. ఆ వెంటనే అవి ఓడెక్కి లండను పోయాయి. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ నాగార్జునకొండలో తవ్వకాలు జరిపించాడు. ఇక్ష్వాకుల విజయపురి అది. ఇవాళ ఆ లోయ సాగర్ నీళ్ళ అడుగున ఉంది. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ తరలించి తిరిగి కట్టారు గాని, ఆ లోయ ఉన్నది ఉన్నట్టుగా మిగిలింది ఫొటోలలోనే.

ఆ లోయను నేను కళ్ళారా చూశాను. 1963లో ఒక ఆదివారం నలుగురం కుర్రాళ్ళం నడుచుకుంటూ వెళ్ళాం. ఇటుక గోడల వరుసలు నేల మీద పరిచిన ప్లాను మాదిరిగా కనిపించాయి. ఒక ఓవర్సీరుగారి దగ్గర కెమెరా ఉందనీ, అడిగితే ఇస్తారనీ తెలుసు. అడగడానికి మొహమాటపడ్డాను. ఇంకోసారి వద్దాంలే అనుకున్నాను. ఆ ఇంకోసారి రాలేదు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలిన రోజున మేమంతా సంబరపడ్డాం, పడవలసిందే. బీడు భూములకు నీళ్ళు వచ్చాయి. కాని రాత్రి పడుకున్నాక ఆ ఇటుక గోడలు గుర్తుకొచ్చాయి.

తరువాత ఆగ్ఫా క్లిక్ త్రీ కొన్నాను. రోలుకు పన్నెండు ఫొటోలు. క్యాంపులకు వెళ్ళినప్పుడు మాచర్ల చెన్నకేశవస్వామి గుడి, కారెంపూడి వీరుల గుడి, కొండవీటి కోట గోడలు, గురజాల చుట్టుపక్కల పొలాల గట్ల మీది వీరగల్లులు తీస్తూ వచ్చాను. రిటైరయ్యాక అవన్నీ ఒక రేకు పెట్టెలో పెట్టాను. కొన్నేళ్ళ క్రితం ఒక యువ ఉపాధ్యాయుడు ఇంటికి వచ్చాడు. ఆయన ఊళ్ళోని వీరగల్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు కనిపించకుండా పోయిందట, ఫొటో ఉంటే ఇవ్వమన్నాడు. పెట్టె తీస్తే నాలుగు వీరగల్లుల ఫొటోలు బయటపడ్డాయి. ఏది ఏ ఊరిదో వెనుక వ్రాసుకోలేదు! మా ఇంటావిడ కళ్ళద్దాలు సవరించుకొని, ఒకదాని పక్కన కనిపించిన చింతచెట్టును బట్టి, అది ఫలానా పెళ్ళికి వెళ్తూ బస్సు చెడిపోయి ఆగిన చోటని చెప్పింది. అది ఆయన ఊరు కాదు. మిగతా మూడూ ఎక్కడివో నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు. ఆ అబ్బాయి మర్యాదగా కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రతి డ్రాయింగు మీదా పేరు, నంబరు, తేదీ వేసిన చేతికి, సొంత ఫొటో మీద నాలుగు అక్షరాలు వ్రాయడానికి బద్ధకమైంది.

దీన్‌దయాళ్ గారి ఫొటోలు చూడండి. పలక మీదే అడుగున నంబరూ, కట్టడం పేరూ కనిపిస్తాయి. ఆఫీసు అలవాటును ఆయన కళలోకి తెచ్చుకున్నారు. అందుకే నూరేళ్ళు దాటినా ఏది ఏదో మనకు తెలుస్తోంది. ఆయన నుంచి నేను నేర్చుకున్న పాఠాలలో పెద్దది ఇదే.

సభ్యులకు, వారి కుటుంబాలకు నా మనవి ఒక్కటే. మీ ఊరి పాత గుడికి సున్నం వేయకముందే, శాసనం ఉన్న రాయి మురుగుకాలువ మీద మూతగా మారకముందే, ఒక ఫొటో తీయండి. పొద్దుటి ఏటవాలు ఎండలో తీయండి, అక్షరాలు తేటగా వస్తాయి. పక్కన మనవణ్ణో మనవరాలినో నిలబెట్టండి, రాయి ఎత్తు తెలుస్తుంది, పిల్లలకూ గుర్తుంటుంది. వెనుక ఊరిపేరు, తేదీ వ్రాయండి. ఫోనులో తీసినవైతే కాగితం మీద అచ్చు వేయించి ఆ పని చేయండి. మీ ఇంట్లో పాత ఫొటోల పెట్టె ఉంటే పారేయవద్దని పిల్లలకు చెప్పండి.

నా రేకు పెట్టెను ఇప్పుడు మనవడే చూస్తున్నాడు. ఆదివారాలు ఇద్దరం కూర్చొని, గుర్తొచ్చినవాటి వెనుక పెన్సిలుతో వ్రాస్తున్నాం. ఆ మూడు వీరగల్లుల ఫొటోలనూ ఈసారి సంఘం సమావేశానికి తీసుకొస్తాను. గురజాల, దాచేపల్లి వైపు పనిచేసిన మిత్రులెవరైనా చూసి, అవి ఏ ఊళ్ళవో చెప్పగలిగితే ఆ ఉపాధ్యాయుడికి కబురు చేస్తాను.

సెలవు.